టాబ్లెట్‌లో పడవెక్కిన మా అత్త

మా అత్త గొంతు గుజరాత్ సముద్రం దాకా వెళ్ళి, అక్కడ ఎనిమిది నెలలు షికారు చేసి, పలాస స్టేషన్లో రైలు దిగి నా కొంప ముంచిన కథ ఇది. మా అత్త మాత్రం ఆ ఎనిమిది నెలల్లో టెక్కలి చేపల బజారు దాటి అవతలికి వెళ్ళలేదు. ఈ ఘనకార్యానికి కారణం ఒక చవక టాబ్లెట్టు, దాన్ని ఏరికోరి కొన్న ఒక ఇంటర్ పాసైన కోడలు. ఆ కోడల్ని నేనే. తప్పించుకునే దారి ఉంటే ఈపాటికి తప్పించుకునేదాన్ని.

అప్పటికి మా పెళ్ళయి మూడు నెలలు. మా బావ కూర్మారావు, అంటే నా మొగుడు, చేపల వేటకి గుజరాత్ బయలుదేరుతున్నాడు. మా భావనపాడు మగవాళ్ళకిది కొత్త కాదు. ఆగస్టులో పలాసలో రైలెక్కితే రెండు రోజుల ప్రయాణం. అక్కడ పెద్ద బోట్ల మీద ఎనిమిది నెలలు పనిచేసి, మళ్ళీ ఎండలు ముదిరాక తిరిగొస్తారు. మా బావ ఎక్కే బోటులో తొమ్మిది మంది, తొమ్మిది మందీ మా ఊరివాళ్ళే. బోటు నడిపే డ్రైవరు అప్పన్న మావ, మా అత్తకి సొంత తమ్ముడు. ఈ చుట్టరికం గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోకపోవడం వల్లే ఇదంతా జరిగింది.

నా బాధ ఒక్కటే. మూడు నెలలంటే ఎంతని? ఒకరి మొహం ఒకరికి అలవాటు పడడానికే చాలదు. ఎనిమిది నెలలు కనబడకపోతే మా బావ నన్ను మరిచిపోతాడని నాకు భయం. పోనీ పెళ్ళి ఫోటో పట్టుకెళ్ళమందామంటే, అందులో నా మొహానికి పూసిన పౌడరుకి నన్ను నేనే గుర్తుపట్టలేను. అతని దగ్గరున్నదేమో బటన్ ఫోను. అంతకుముందు కొన్న రెండు టచ్ ఫోన్లూ సముద్రానికి సమర్పించుకున్నాడు. పైగా బోటు ఒకసారి వెళ్తే ఇరవై రోజులకి గానీ ఒడ్డుకి రాదు.

అందుకని కుట్టుమిషన్ మీద కూడబెట్టిన డబ్బుతో టాబ్లెట్ కొనాలని తీర్మానించాను. పది రోజులపాటు ఫోన్లో టాబ్లెట్ల గురించి చెప్పే వీడియోలన్నీ చూశాను. చూసి చూసి, నాకు తెలియనిదంటూ ఏమీ లేదనే స్థితికి చేరుకున్నాను. మనిషికి అంతకన్నా ప్రమాదకరమైన స్థితి ఇంకోటి లేదు. నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా: తెర పెద్దదిగా ఉండాలి, నా మొహం మొహమంత కనబడాలి. రైలు సంచిలో పట్టాలి. ఇంజను మోతలో కూడా గొంతు వినబడాలి. ధర మాత్రం వినబడకూడదు.

పలాస కాశీబుగ్గలో ఫోన్ల షాపుకి మా అత్త పోలమ్మ కూడా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా చేపలమ్మిన మనిషి. ఏ సరుకైనా ఆవిడ కళ్ళకి చేపే. షాపాయన టాబ్లెట్ బల్ల మీద పెట్టగానే అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో తెర మధ్యలో గట్టిగా నొక్కింది.

"అమ్మా, నొక్కకండి! అద్దం పగిలిపోద్ది," అని షాపాయన కంగారుపడ్డాడు.

"నొక్కకుండా తీసుకుంటే మెత్తబడిపోయిన సరుకు అంటగడతావు. నాకు సెప్తావేటి?"

"ఇది చేప కాదమ్మా."

"మెరుస్తంది కదా. మెరిసినవన్నీ నొక్కే కొనాల."

వాళ్ళిద్దరి మధ్యా నేను నా చదువు చూపించాను. "సౌండ్ పెంచండి," అన్నాను. ఆయన పాట పెట్టి పూర్తిగా పెంచాడు. రోడ్డవతల ఆటోవాళ్ళు తల తిప్పి చూశారు. "ఇదే కావాలి," అన్నాను.

"ఇయర్‌ఫోన్లు కూడా ఇమ్మంటారా?"

"వద్దండీ. చెవుల్లో పెట్టుకుంటే డ్రైవరు మావ కేక వినబడదు. వల కాలికి చుట్టుకుంటే పూచీ ఎవరిది?" నా ముందుచూపుకి నేనే మురిసిపోయాను.

"ఇది వైఫై ఒక్కటేనమ్మా. సిమ్ వేసుకునేదయితే ఇంకో రెండు వేలు అవుతుంది."

"పర్లేదు. ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి కనెక్ట్ చేసుకుంటాం," అన్నాను. మా అత్త నా వైపు గర్వంగా చూసింది. ఆ చూపు కోసం అవసరం లేకపోయినా ఇంకో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వాడాను.

ఇంటికొచ్చి మా బావ చేతిలో పెట్టాను. అతను దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బాగుందే. మరి ఇందులో నువ్వెలగ కనబడతావు?"

"నీ ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ సెయ్యి. అంతే."

"నా ఫోన్లోనా?" అని మొలలోంచి రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ ఫోను తీసి చూపించాడు. "దీన్లో టార్చిలైటే ఉందే."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. సిమ్ము లేదు, నెట్టు లేదు, నేనేమో వీడియో కాల్లో ఏ రోజు ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుని ఉంచాను. మర్నాడు పరుగున షాపుకి వెళ్తే ఆయన టాబ్లెట్‌ని వెలుగులో పెట్టి చూసి, "తెర మీద అతికించిన ప్లాస్టిక్ లేచిపోయిందమ్మా. మీ అత్తగారి వేలిముద్ర ఇంకా ఉంది. వెనక్కెలా తీసుకోను?" అన్నాడు.

ఆ రాత్రంతా ఏడ్చి, తెల్లారేసరికి తెలివి తెచ్చుకున్నాను. నేరుగా కనబడలేకపోతే ఏం? వీడియోలు తీసి అందులో నింపేస్తాను, అతను రోజుకోటి చూసుకుంటాడు. ఒక తప్పుని కప్పెట్టడానికి మనిషి తవ్వే గొయ్యి ఎప్పుడూ మొదటి గొయ్యికన్నా లోతుగా ఉంటుంది.

మొదటి వీడియో నిటారుగా నిలబడి తీశాను. "బావా, బాగున్నావా? అన్నం తిన్నావా?" అన్నాను. తీసింది చూసుకుంటే ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టుంది. ఇది చూస్తే మా బావ మొదటి రైలుకే తిరిగొచ్చేస్తాడు. అది నాకు ఇష్టమే, కానీ బోటువాళ్ళు ఊరుకోరు. అందుకే దాన్ని చెరిపేశాను.

అప్పుడు నాకు మా బావ నవ్వు గుర్తొచ్చింది. అతను నవ్వితే బయటికి వినబడదు, భుజాలు మాత్రం ఊగుతాయి. పెళ్ళయిన కొత్తలో, మా అత్త ఇంట్లో లేనప్పుడు ఆవిడ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల దగ్గర కాకుల్ని తిట్టే తీరు చేసి చూపించాను. మంచం మీంచి కిందపడి మరీ నవ్వాడు. ఆ భుజాలు ఊగడం చూడాలని, ఆ మూడు నెలలూ మా అత్తని చాటుగా అనుకరిస్తూనే ఉన్నాను. అది మా ఇద్దరి రహస్యం.

ఇంకేముంది! కొబ్బరిచెట్ల చాటున టాబ్లెట్ ఆనించి, కొంగు నడుముకి దోపి మొదలుపెట్టాను. మా అత్త కాకిని తిట్టడం, బేరం తెగనివాళ్ళని శాపనార్థాలు పెట్టడం, దగ్గడం, కొడుకుని కేకేయడం. మొత్తం ఆరు వీడియోలు. ఏడోదానిలో మాత్రం నా గొంతుతోనే "బేగి వచ్చీ" అని, త్వరగా రమ్మని చెబుదామనుకున్నాను. తీరా ఎదురుగా కూర్చున్నాక మాట రాలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి "అంతే బావా" అని ఆపేశాను.

అతను వెళ్ళిపోయాడు. ఆ ఎనిమిది నెలల గురించి నవ్విస్తూ చెప్పడం నాకు చేతకాదు. మా ఊళ్ళో పొద్దు సముద్రంలోంచి లేస్తుంది, అతనున్న చోట సముద్రంలోకి దిగుతుందట. పొద్దున్న నేను చూసిన సూర్యుణ్ణే సాయంత్రం అతను చూస్తాడు కదా అని రోజూ చేపలు ఆరబెట్టే ఇసుకలో కాసేపు నిలబడేదాన్ని. అతను లేని ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు కూడా నాకు నచ్చేది కాదు.

బోటు ఒడ్డుకొచ్చినప్పుడు బటన్ ఫోన్లోంచి మాట్లాడేవాడు.

"ఈడియోలు సూసినావా?"

"సూసినాను. బాగున్నాయి. మావోళ్ళు నిన్ను అడిగినారే."

"నన్నా? ఎందుకు?"

"ఊరికే."

వెనకనుంచి ఎవరో "కాకి కత ఇంకోటి సెప్పమనరా!" అని అరిచారు.

"ఏటది?"

"గాలి," అన్నాడు మా బావ.

గుజరాత్ గాలికి తెలుగు ఎలా వచ్చిందని నేను అడగలేదు చూడండి, అదీ నా ఇంటర్ చదువు.

ఏప్రిల్లో దిగుతున్నారని కబురొచ్చింది. నేనూ మా అత్తా పలాస స్టేషన్‌కి వెళ్ళాం. రైలాగింది. తొమ్మిది మందీ మూటలతో దిగారు. మా బావ ఎండకి నల్లబడి, సన్నబడి, నన్ను చూసి తల వంచుకున్నాడు. నా మొహం మరిచిపోలేదు. నా గుండె నిండిపోయింది. ఆ నిండుతనం సరిగ్గా అర నిమిషం ఉంది.

మిగిలిన వాళ్ళంతా మా అత్తని చూసి ఫక్కున నవ్వారు. ప్లాట్‌ఫారం మీద ఒక కాకి వాలింది. తొమ్మిది మందిలో ఒకడు నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఒసే కాకీ! నీ మొగుడేటైనా వలేసి తెచ్చినాడేటే ఈ నెత్తళ్ళు!" అన్నాడు. మిగతావాళ్ళు ఒక్కసారిగా దగ్గారు. మా అత్త దగ్గు.

మా అత్త చుట్టూ చూసింది. "అది నా మాటనాగుందేటి?"

అప్పన్న మావ కళ్ళు తుడుచుకుంటూ అసలు సంగతి విప్పేశాడు. "ఏటి సెప్పమంటావక్కా! బోటెక్కిన రెండో రోజు టీ తాగుతన్నాను. 'ఒరే కూర్మిగా!' అని నీ కేకినబడింది. మా అక్క బోటెక్కీసిందేటని గ్లాసు సముద్రంలో పారేసినాను. సూత్తే నీ కోడలు! అప్పట్నించి రోజూ అదే మాకు సినిమా."

గోడలకి చెవులుంటాయంటారు. బోటుకి గోడలుండవు గానీ చెవులు పద్దెనిమిది. ఆటోవాళ్ళు కూడా తిరిగి చూసేంత గొంతున్న టాబ్లెట్‌ని, ఇయర్‌ఫోన్లు వద్దని మరీ, నేనే ఏరి కొని పంపాను కదా.

"ఏదీ, సూపించండి," అంది మా అత్త.

"ఇంటికెళ్ళాక సూద్దాం అత్తా," అన్నాను.

"ఇక్కడే."

ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని, ఒడిలో టాబ్లెట్ పెట్టుకుని, ఆరు వీడియోలూ చూసింది. జీడిపప్పు పొట్లాలమ్మే ఆవిడ కూడా గంప దించి నిలబడిపోయింది. మా అత్త మొహంలో ఒక్క గీత కదల్లేదు. నేను మనసులో పుట్టింటికి బట్టలు సర్దేసుకున్నాను. ఏడో వీడియో మొదలవుతుండగా అప్పన్న మావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇదొద్దక్కా. ఇది కూర్మిగాడిది. ఇదొచ్చినప్పుడు మేవందరం సముద్రం కేసి తిరిగిపోయీవోళ్ళం."

మా బావ చెవులు ఎర్రబడ్డాయి. నావి కూడా.

మా అత్త టాబ్లెట్ ఆపి, కొంగుతో తెర తుడిచింది. తరవాత నన్ను దగ్గరికి పిలిచింది. "దగ్గు తప్పు. నాను దగ్గితే రెండుసార్లు దగ్గి, మద్దిలో ఆగుతాను. మిగతాదంతా బాగుంది." అని, టాబ్లెట్ నా చేతికిచ్చి, "మీ మావ, మా ఇంటాయన, కూడా ఇలగే ఎల్లీవోడే. నాకు ఉత్తరం రాయడం రాదు. ఎనిమిదేసి నెలలు నా గొంతు ఇనకుండానే బతికినాడు పాపం," అంది.

అంతటితో గండం గడిచిందనుకున్నాను. మా అత్త బాకీ ఉంచుకునే మనిషి కాదని మరిచిపోయాను.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. బావ ప్రయాణానికి ముందు రోజు మా అత్త టాబ్లెట్ తీసుకుని కొబ్బరిచెట్ల వైపు వెళ్ళింది. అవతలింటి పిన్నిని తీసుకెళ్ళి బటన్ నొక్కించుకుంది. ఏం తీసిందో నాకు చూపించలేదు. నెల తిరక్కుండా హార్బరు నుంచి ఫోను.

"ఒలే, మాయమ్మ ఈడియో సూసినాను. అచ్చం నీనాగే సేసింది."

"ఏటి సేసింది?"

చెప్పాడు. మా అత్త నేనై, కొబ్బరిచెట్టునే గోడ కేలెండరు చేసుకుని వేలితో రోజులు లెక్కపెట్టిందట. లేని మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయి, లేని గుమ్మం వైపు చూసిందట. మోగని ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుందట. "అత్తా, బోటు ఒడ్డుకొచ్చుంటాదంటావా?" అని నా గొంతుతో పదిసార్లు అడిగిందట. నేను ఏడో వీడియోలో చెప్పలేక మింగేసిన మాటంతా ఆవిడ ఫుల్ సౌండ్లో తొమ్మిది మందికీ వినిపించేసింది. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ చేపలు తిరగేస్తోందనుకున్నాను, నన్నే చూస్తోందని నాకు తెలీదు.

"ఒలే, నువ్వు నిజంగా అలగే కూకుంటావేటి?" అని అడిగాడు మా బావ.

"సీ! అత్త ఎక్కువ సేసి సూపించింది," అన్నాను.

మీకు మాత్రం నిజం చెబుతున్నాను. మా అత్త చాలా తగ్గించి చేసింది.

కాబట్టి, నెత్తళ్ళు ఆరబెట్టిన ఈ ఇసుకలో నిలబడి, కాకులన్నీ వినేలా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇయర్‌ఫోన్లు లేకుండా టాబ్లెట్ కొనను. కొన్నా మా అత్త చేతికివ్వను. ఇచ్చినా, ఆవిడ ఎదురుగా ఉన్నప్పుడు గుమ్మం వైపు చూడను.