తక్కెడ గుర్తుకు బొట్టు

మా మేనత్తను పత్రికలు ‘మృదుస్వభావి’ అని రాసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఆమెతో ఒక్క పూట వాదించినవాళ్లెవరూ ఆ మాట రాయరు. భర్త పేరు చెప్పుకొని ఎమ్మెల్యే అయిందని కూడా రాశారు. అది పచ్చి అబద్ధం. ఆయన పేరు మీద నిలబడి ఓడిపోయింది. తన నోటితో అడిగి గెలిచింది.

మా మామ వికారాబాద్‌లో పేరున్న వకీలు. మొదటి ఎన్నికల్లో ఆమె తరఫున ఉపన్యాసాలన్నీ ఆయనవే. “తక్కెడ గుర్తుకు దండం పెట్టి మీ ఓటు సమర్పించుకోండి” అన్నాడు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. తాండూరు పప్పు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టే చేశారు. దీపావళికి షావుకార్లు తక్కెడకు పెట్టినట్టు ఆ బొమ్మకు బొట్టు పెట్టారు, దండం పెట్టారు, ఓటు కాగితాన్ని భక్తిగా పెట్టె మీద ఉంచి వచ్చారు. పెట్టెలో పడని కాగితం లెక్కకు రాదు. అత్త కొద్దిలో ఓడిపోయింది.

“ఆడోళ్లకు ఏం దెల్వది” అని మామ తేల్చేశాడు. కాలేజీ సెలవులకు వచ్చి ఉన్న నేను ఊరుకోలేకపోయాను.

“దండం పెట్టుమన్నది నువ్వే గద మామా. కాగితం ఏడ ఎయ్యాల్నో ఒక్కసారన్న జెప్పినవా?”

“నీ కాలేజీ వకాల్తు నా ముంగట వద్దు.”

“బిడ్డ అన్నదాంట్ల తప్పేమున్నది?” అంది అత్త చాయ్ కప్పు కింద పెట్టి. “మల్లసారి నేనే మాట్లాడుత.”

రెండో ఎన్నికల నాటికి నా డిగ్రీ అయిపోయింది. ఖాళీ గ్యాసునూనె డబ్బాకు పైన సన్నగా గంటు కొట్టించి, తక్కెడ బొమ్మ అంటించాం. పొద్దున్నే రైలెక్కి తాండూరులో దిగేవాళ్లం. మిల్లులో కందిపప్పు చెరిగేవాళ్ల మధ్యనే అత్త కింద కూర్చునేది. ఉపన్యాసం లేదు. డబ్బా ముందు పెట్టి, చేతికో కాగితం ఇచ్చేది.

“ఏసి చూపియ్యి, అక్కా.”

ఒక పెద్దామె కాగితం డబ్బా మీద పెట్టి దండం పెట్టింది.

“గట్ల గాదు. లోపలెయ్యాలె.”

“లోపలేస్తే కనవడదు గద. నీకే ఏసిననని నీకెట్ల ఎరుక?”

“నాకు ఎరుక గావద్దు. ఎవ్వలికీ గావద్దు. మీ సేటుకు గూడ.”

చేటలు ఆగిపోయాయి. పెద్దామె వాకిట్లో నిలబడ్డ సేటు వైపోసారి చూసి, కాగితం మడిచి గంటులోకి తోసింది. “గిది మంచిగున్నది” అంది. అందరూ నవ్వారు, సేటు తప్ప.

ఆ ఏడు తాండూరు పెట్టెల మీద బొట్లు అలాగే ఉన్నాయి. కాగితాలు మాత్రం లోపల ఉన్నాయి. అత్త గెలిచింది. ఆ తర్వాత అసెంబ్లీలో మిల్లు కూలి గురించి ఆమె మాట్లాడుతుంటే మామ సందర్శకుల గ్యాలరీలో నా పక్కన నోరు మూసుకొని కూర్చున్నాడు. అదీ చూశాను.

గెలిచిన వారమే ఆమె మళ్లీ ఆ మిల్లుకు వెళ్లింది. పెద్దామె చేతులు పట్టుకొని, “నీ ఓటుతోనే గెలిచిన, అక్కా” అంది.

పెద్దామె చేతులు విడిపించుకొని చేట అందుకుంది. “నేనెవ్వలికేసిన్నో నీకెందుకు జెప్త?”

రైల్లో వికారాబాద్ దాకా అత్త ఆ మాట తలుచుకొని తలుచుకొని నవ్వుతూనే ఉంది. తర్వాత ఎన్ని దండలు పడ్డా, ఎన్ని సన్మానాలు జరిగినా అంత సంతోషంగా ఆమెను మళ్లీ చూడలేదు.