ఖాలా అల్మారా మీద పెట్టె

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పెళ్లయిన కొత్తలో, పాతబస్తీలో మా హుస్సేనీ ఆలం గల్లీ చివరింట్లో ఏదో తిరుగుతుందని అందరూ భయపెడితే, ఆ ఇంటివాళ్ల జాకెట్లు కుట్టి నేనే వెళ్లి ఇచ్చి వచ్చేదాన్ని. ఇప్పటికీ నమ్మను. అయినా ఈ సంగతి రాసి పెడుతున్నాను. నోటితో ఎవరికి చెప్పినా నా ముఖంలోకి జాలిగా చూస్తున్నారు. ఆ చూపులతో విసుగెత్తింది.

మా ఆయన సర్కారు ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద టర్నర్. నాకు ఇంట్లోనే కుట్టుమిషను. పిల్లలు కలగలేదు. పదిహేనేళ్ల కాపురంలో మేము చూసిన దూరపు ఊరు తిరుపతి. అదీ ఆయన అన్నగారి కుటుంబంతో కలిసి. సముద్రం ఇద్దరమూ చూడలేదు.

ఎనభైల మొదట్లో ఆయన స్నేహితుడు మల్లేశం ఫ్యాక్టరీ మానేసి, వెస్టిండీస్‌లో ఒక దీవికి చక్కెర మిల్లు పని మీద వెళ్లాడు. అక్కడి నుంచి ఉత్తరాలు రాసేవాడు. తెల్లటి ఇసుక, నీళ్లలో మునిగితే రంగు రంగుల చేపలు, రాళ్లు పట్టుకుని ఎక్కే జలపాతం. ఇద్దరూ రండి, నా ఇంట్లోనే ఉందురు గాని, అని. అప్పటిదాకా ఆ దీవుల పేర్లు మాకు రేడియోలో క్రికెట్ కామెంటరీ వల్లనే తెలుసు.

రెండేళ్లు అదే లోకం. ఆయన ఓవర్‌టైం చేశారు, నేను చేతినిండా కుట్టాను. పాస్‌పోర్టు, పోలీసు ఎంక్వయిరీ, బొంబాయి నుంచి వీసా కాగితాలు, దారిలో లండన్‌లో దిగడానికి మరో కాగితం. ఆయన పాత క్యాలెండర్ వెనక దీవి బొమ్మ గీసి గోడకు అంటించారు. ఒక మూల నా పేరు రాసి, కింద ‘ఇసుకలో కూర్చొనుట’ అని రాశారు. ఇంకో మూల తన పేరు, ‘జలపాతం ఎక్కుట’.

“నువ్వు కింద కూసో. నేను పైకెక్కి చెయ్యి ఊపుత,” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. “నన్నెందుకు ఇడిచిపెట్టి పోతరు? నేను గూడ ఎక్కుత.”

“సరే, నిన్నిడిచి ఎటూ పోను, సరేనా?” అని నవ్వారు. మర్నాడే చార్మినార్ దగ్గర ఇద్దరికీ కాన్వాసు బూట్లు కొన్నాం.

టికెట్ తేదీ మా బావగారికి నచ్చలేదు. ఆయన గుళ్లో అర్చకులు. “ఆ దినం మంచిగ లేదు తమ్మీ. ముందుగాల వచ్చే గురువారం ప్రస్థానం పెట్టు,” అన్నారు. బయలుదేరే రోజు బాగోలేకపోతే, ముందే ఒక మంచి రోజున మన సామాను, వెళ్లే దిక్కున ఉన్న వేరొకరింట్లో పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ సామాను మళ్లీ ఇంటికి తేకూడదు, ఎక్కువ రోజులు ఆపకూడదు.

మాకు పడమర వైపు ఖాలా ఇల్లు. ఖాలా అంటే పిన్ని, గల్లీ అంతా ఆవిడను అలాగే పిలుస్తుంది. ఇంట్లో ఆవిడ, మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని ఆమె భర్త, అంతే. గురువారం పొద్దున ఇద్దరి బట్టలూ, ఇంకా తొడగని ఆ కొత్త బూట్లూ సర్ది, పెట్టెకు తాళం వేసి ఆవిడ అల్మారా మీద పెట్టాం. తాళంచెవి ఒక్కటే. నా మెడలో పుస్తెలతాడు పిన్నీసుకు తగిలించుకున్నాను.

లండన్ కాగితం రాలేదు. టికెట్ తేదీ దాటిపోయింది. ఇంకో తేదీ కూడా దాటింది. పెట్టె తెచ్చేసుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు. “మనం బయలెల్లినం సరోజా. దారిల ఉన్నం. ఫికర్ చెయ్యకు,” అనేవారు. షిఫ్టు నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చిన మనిషి ఆ మాట అంటుంటే నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో, మిషను ముందే కూలబడ్డారు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

కర్మలన్నీ అయిన నెలకు బావగారు పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టారు. ఖాలా వెంటే వచ్చింది. పుస్తెలతాడు తీసిన రోజు నుంచి తాళంచెవి నా బియ్యం డబ్బాలో ఉంది. పట్టపగలు, వాళ్లిద్దరి ముందే తాళం తీశాను.

నా చీరలు పెట్టినట్టే ఉన్నాయి. నా బూట్లు కూడా అంతే. దుకాణంలో రెండు బూట్ల లేసులు కలిపి వేసిన ముడి అలాగే ఉంది, లోపల కుక్కిన కాగితం ఉండలతో సహా. ఆయన బూట్లు మాత్రం అరిగి ఉన్నాయి. ఎడమ మడమ బయటి పక్క ఎక్కువ అరిగింది. ఆయన చెప్పులన్నీ అక్కడే అరిగేవి. అడుగున గాడుల్లో తెల్లటి ఇసుక. మూసీ ఇసుక నాకు తెలుసు, గరుకుగా ఉంటుంది. ఇది పిండిలా ఉంది.

ప్రయాణం కోసం ఆయనకు నేను కుట్టిన నీలం చొక్కా భుజాల మీద, వీపు మీద వెలిసిపోయింది. ఇన్నేళ్లుగా బట్టతో బతుకుతున్నదాన్ని. పెట్టెలో ఉన్న బట్ట వెలిస్తే మడతల దగ్గర వెలుస్తుంది. భుజాలు వెలిసేది ఎండలో తిరిగితేనే. కాలరు నాలుకకు తగిలించి చూశాను. ఉప్పు.

“ఖుదా కసమ్ బేటీ, నేను పెట్టె మీద చెయ్యి గూడ పెట్టలే,” అని ఖాలా ఏడ్చింది. బావగారు, “ఇది ఎవ్వరికి చెప్పకమ్మా,” అని చేతులు కడుక్కుని వెళ్లిపోయారు.

మరుసటి ఏడు మల్లేశం సెలవు మీద వచ్చి పలకరించడానికి ఇంటికొచ్చాడు. పొట్లంలో దాచిన ఇసుక చూపించాను, ఎక్కడిదో చెప్పలేదు. వేళ్ల మధ్య రాసి చూసి, “మా మిల్లు ఎనక ఇసుక గిట్లనే ఉంటది వదినా. ఎవరు తెచ్చిండ్రు?” అన్నాడు. టీ పెడతానని లోపలికి వెళ్లిపోయాను.

ఖాలా అబద్ధమాడిందనుకుందామంటే ఆవిడకు ఆ అవసరం లేదు. నాకు మతి పోయిందనుకుందామంటే బావగారూ చూశారు. ఇదెలా జరిగిందో నాకు తెలియదు, ఆలోచించే ఓపిక కూడా లేదిప్పుడు. ఆయన సముద్రం చూసి ఉంటే నాకు సంతోషమే. మిషను నూనెలోనే బతుకు వెళ్లదీసిన మనిషి. కానీ కోపం మాత్రం పోలేదు. నన్నిడిచి ఎటూ పోనన్నారు కదా.

నా బూట్లొక్కటే ఆ పెట్టెలో పెట్టి, తాళం వేసి, మళ్లీ ఖాలా అల్మారా మీదికి పంపించాను. ఐదేళ్లయింది. ఏటా ఒకసారి వెళ్లి తీసి చూస్తాను. లేసుల ముడి అలాగే ఉంటోంది.