సీజియానికి సరిపడే గాజు

అణు వ్యర్థాల ద్రవంలోంచి సీజియం అనే రేడియోధార్మిక లోహాన్ని వేరు చేయడం నా ఉద్యోగం. ఆ మాటెత్తగానే కొట్లు నడుపుకునే మా చుట్టాలు టీ తెప్పించి, మాట మార్చేస్తారు. ఆరేళ్లుగా ఎవరికీ అక్కర్లేని సరుకు మోస్తున్నాను.

మొన్న జగ్గయ్యపేటలో మేనత్త గాజుల కొట్లో, బస్సొచ్చేలోగా ఆ సరుకే మరోసారి బేరానికి పెట్టాను.

"అత్తా, నువ్వు చెయ్యి నొక్కి చూసి గాజు తొడుగుతావే, మేమూ అంతే. గాజులా గుండ్రటి అణువు చేస్తాం. వ్యర్థాల్లో నిండా ఉండే సోడియం అందులో నిలవదు, సీజియం సరిగ్గా కూర్చుంటుంది."

అత్త గాజులు సర్దడం ఆపింది.

"కూర్చున్నాక ఎట్టా తీస్తావురా? నేనైతే సబ్బు రాస్తా."

మా ల్యాబ్ ఆగిపోయింది అక్కడే. పట్టిన లోహాన్ని మా గాజు వదలడం లేదు. ఆరేళ్లలో దీని గురించి నన్నొకరు ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. నందిగామ బస్సు వెళ్లిపోతున్నా నేను లేవలేదు.