నాన్న విన్న గొంతు

చెవి వినేది కొంతేనని, మిగతాది మనసు తన దగ్గరున్న పాత సరుకుతో పూరించుకుంటుందని చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. చదివి, పుస్తకం మూసేసి, కిటికీ దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను. ఇంత లావు పుస్తకం రాసినాయన మా భిలాయి క్వార్టరుకొచ్చి ఒక పూట మా నాన్న ఎదురుగా కూర్చునుంటే సరిపోయేది.

ఆ ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఉక్కు ప్లాంటు హోరు వినబడదు. తొంభైల మొదట్లో శ్రీకాకుళం నుంచి అత్త మమ్మల్ని చూడ్డానికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, సముద్రం పక్కనున్నట్టు ఈ గోలేమిటని అమ్మనడిగింది. మేం చెవులు రిక్కించాం. నిజంగానే దూరంగా, ఎడతెగకుండా ఏదో మోగుతోంది. పుట్టినప్పటి నుంచీ మోగుతోందన్నమాట. అత్త రైలెక్కేలోపే అది మళ్ళీ మాకు వినబడకుండా పోయింది. మారనిదాన్ని మనసు లెక్కచేయదట. నాన్న సంగతి కూడా మేమందరం అలాగే లెక్కచేయకుండా వదిలేశాం.

నాన్న ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. కప్పుకింద అంత ఎత్తున గాజుగదిలో కూర్చుంటే కింద కొక్కేనికి బరువులు తగిలించే ఖలాసీ చెప్పే మాట వినబడదు. అందుకని అన్నీ చేతి సైగలే. వేలు పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు, అరచేయి నేలవైపు పెట్టి చేయి చాచితే ఆపు. ఆ సైగలు నాన్నతోపాటు ఇంటికీ వచ్చేశాయి. అన్నం చాలంటే కంచం మీద అరచేయి చాచేవాళ్ళం. రేడియో తగ్గించమంటే వేలు కిందికి. ఇరుగుపొరుగు మమ్మల్ని చూసి నవ్వేవారు. మేమది మా ఇంటి ఆట అనుకున్నాం, మురిసిపోయాం కూడా. ఆ ఆట చాటున నాన్న చెవులు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంటే ఎవరికీ తెలియలేదు.

నాకు పద్నాలుగేళ్ళు వచ్చిన వానాకాలంలో నా గొంతు బొంగురుపోయింది. క్యాంప్ 2 బస్తీ నుంచి పాలు తెచ్చే ఆయన అప్పటిదాకా బాబూ అనేవాడు, ఉన్నట్టుండి భయ్యా అనడం మొదలుపెట్టాడు. నేను నోరు తెరిస్తే చాలు, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నాన్న ఒక్కడే ఏమీ అనలేదు. ఒక్కగానొక్క కొడుకు మగాడవుతుంటే ఈయనకి పట్టదా అని నాకు భలే ఉక్రోషంగా ఉండేది.

అప్పుడే ఒక సాయంత్రం వాన మొదలై కరెంటు పోయింది. అమ్మ వంటింట్లో అగ్గిపెట్టె వెతుకుతోంది. ముందుగదిలో నాన్నా నేనూ. తడిసిన మట్టి వాసన, దాని వెనకే ఎప్పుడూ ఉండే బొగ్గు వాసన. ఎదుటి మనిషి ఆకారం కూడా సరిగ్గా తెలియని ఆ మసకలో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. వారం రోజులుగా దాచిన మాట చెప్పేశాను.

"నాన్నా, మ్యాథ్స్‌లో ఫేల్ అయిపోనాను."

నాన్న తను చిన్నప్పుడు వంశధారలో చేపలు పట్టిన సంగతి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత గొప్పవాడు మా నాన్న అనుకున్నాను. కోప్పడకుండా క్షమించేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ నది, ఆ వాన, ఆయన గొంతు అన్నీ కలిసిపోయి, అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు.

అంతలో కరెంటు వచ్చింది. నాన్న నా మొహం చూశాడు.

"ఏటిరా, ఏదో సెప్పాలని సూస్తన్నావు?"

అంటే నేను చెప్పింది ఆయనకు వినబడనే లేదు. మర్నాడు ఆయన గడ్డం గీసుకుంటుంటే వెనక నిలబడి పిలిచాను. మూడుసార్లు. అద్దంలో నేను కనబడ్డాకే తిరిగాడు. వంటింట్లోకి పరిగెత్తి అమ్మకి చెప్పబోతే, అమ్మ అరచేయి నేలవైపు పెట్టి చేయి చాచింది. ఆపు. అంటే ఆమెకు ముందే తెలుసు. క్రేన్ అంటే ఆయనకు ప్రాణమనీ తెలుసు.

నాకూ తెలుసు. కానీ కింద నడిచే మనుషులు గుర్తొచ్చేవారు. పైన అన్ని టన్నుల ఇనుము వేలాడుతుంటుంది, ఎవరో ఆపమని అరుస్తారు, గంట కొడతారు, నాన్న ఇంకోవైపు చూస్తుంటాడు. నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు వెళ్ళి ఆయన ఎదురుగా, వెలుతురు నా మొహమ్మీద పడేట్టు కూర్చుని అన్నాను.

"కింద మనుషులుంటారు కద నాన్నా."

నాన్న నా పెదాలకేసి చాలాసేపు చూశాడు. ఆ వారంలోనే తనంతట తనే ప్లాంటు డాక్టరు దగ్గరికెళ్ళి చెప్పేశాడు. తర్వాత ఆయనకు స్టోర్లో చేతి తొడుగులు, బూట్లు ఇచ్చే పని వచ్చింది. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఈల వేయడం మానేశాడు. నాన్నని కిందికి దించింది నేనే అన్న బాధ నాలో ఉండిపోయింది. చేసింది తప్పు కాదని తెలిసినా పోలేదు.

ఇంటరయ్యాక రాయ్‌పూర్ హాస్టలుకి వెళ్ళే రోజున, పెట్టె కట్టుకుంటూ ఉండబట్టలేక అడిగాను, నా మాట ఇక నీకెప్పుడూ వినబడదా అని. నాన్నకి ఆశ్చర్యం వేసింది.

"ఎందుకినబడదురా? నీ పెదాలాడితే సాలు, సక్కగా ఇనబడతాది. సన్నటి గొంతు. సిన్నప్పట్నుంచీ అదే కదా నీది."

పుస్తకం మూసి కిటికీ దగ్గర నిలబడింది ఇందుకే. నా గొంతు మారడం నాన్నకు ఎన్నడూ చేరనే లేదు. మూసుకుపోక ముందు చెవిలో పడిన పిల్లవాడి గొంతునే మనసు దాచిపెట్టుకుని, నా పెదాలు కదిలినప్పుడల్లా ఆయనకు వినిపిస్తూ వచ్చింది.

ఆ రోజు ఇవేమీ తెలియవు. వెలుతురులోకి జరిగి, నా బండ గొంతుతో, "అవును నాన్నా" అన్నాను. నాన్న విని నవ్వాడు.