శనివారం కోసం మార్చిన ప్రైమర్లు

మిషిగన్‌లోని నోవైలో ఆ చలికాలమంతా మా ఇంట్లో నాతో మాట్లాడింది మైక్రోవేవ్ ఒక్కటే. అదీ మూడు బీప్‌లు. మా ఆవిడ వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఉద్యోగం వచ్చి అమ్మాయిని తీసుకుని వెళ్లింది. నా ఉద్యోగం మాత్రం ఇక్కడే బిగుసుకుపోయింది. మంచు ఎంత పడేదంటే, మా మెయిల్‌బాక్స్‌ను వెలికితీయడానికి పురావస్తు శాఖను పిలవాలేమో అనిపించేది.

అలాంటి నాకు వారం మొత్తానికి దక్కే మనుషుల మాట శనివారమే. ఇరవై మైళ్ల అవతల ఉండే రిటైర్డ్ డాక్టర్ గారు, భార్య పోయాక, గరాజ్‌లో రైఫిల్ తూటాలు స్వయంగా తయారు చేసుకునేవారు. పేల్చేసిన ఇత్తడి గొట్టాల్లో మళ్లీ ప్రైమర్, మందు, గుండు కూర్చడం. నేను ఆయన అసిస్టెంట్‌ని. ఇద్దరం శుద్ధ శాకాహారులం. మా వల్ల మిషిగన్ మొత్తంలో ప్రాణభయం ఉన్నది కాగితం మీది వలయాలకే.

"చూడవయ్యా, ఇది మెల్లగా కాలే పౌడర్. పైగా ఈ చలి. మామూలు ప్రైమర్ దీన్ని నిద్ర లేపలేదు. మాగ్నమ్ ప్రైమరే కావాలి, దాని మంట పెద్దది" అనేవారు ప్రతి వారం, నాకు ఉపదేశం చేస్తున్నట్టు.

ప్రైమర్ అంటే తూటా అడుగున కూర్చునే బుల్లి లోహపు మూత. తుపాకీ సూది తగలగానే లోపలి మందుకి నిప్పు అందించేది అదే. రెండు రకాలూ ఒకే సైజు, ఒకే రంధ్రంలో పడతాయి. ట్రేలో పోస్తే కన్నతల్లి కూడా పోల్చలేదు.

ఆ ఏడాది షాపుల్లో ప్రైమర్లకు కరువొచ్చింది. శుక్రవారం ఆయన ఫోన్ చేశారు.

"మాగ్నమ్ అయిపోయాయయ్యా. నీకు దొరికితే పట్టుకురా. లేకపోతే ఎండలొచ్చాక చూద్దాం, ఈ మంచులో ఊరికే డ్రైవ్ చేసుకుంటూ రాకు."

ఎండలొచ్చాక అంటే మిషిగన్‌లో వచ్చే జన్మ. మూడు షాపులు తిరిగాను. మాగ్నమ్ లేవు. మామూలువి ఒక పెట్టె ఉంది. కందిపప్పు లేకపోతే పెసరపప్పుతో సాంబారు కానిచ్చే జాతి కదా మనది! కొనేసి, "దొరికాయండీ" అని మెసేజ్ పెట్టాను. శనివారం పొద్దున ఆయన కళ్లజోడు వెతుక్కుంటుండగా ప్రైమర్లను ట్రేలో పోసి, పెట్టెను కోటు జేబులో దాచాను. నలభై తూటాలు చేశాం. డబ్బా మీద 'మాగ్నమ్' అని ఆయనే రాశారు.

మధ్యాహ్నం షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. మొదటిది నేనే పేల్చాను. టక్. అంతే. అర సెకను పాటు ఏమీ లేదు. నా లెక్కలో ఆ అర సెకనులో దేవీ నవరాత్రులు మొదలై ముగిశాయి. అప్పుడు పేలింది.

"ఆగు! ఇక పేల్చకు. తుపాకీ కింద పెట్టు" అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి, "ఏం మార్చావ్?" అన్నారు.

"ఏం లేదండీ."

"ఎవడు సిగరెట్ మానలేదో మొహం చూసి చెప్పేవాణ్ణి. నాకు చెప్పకు."

జేబులోంచి పెట్టె తీసి ఇచ్చాను.

"దొరకలేదని ఫోన్ చేయొచ్చుగా?"

"చేస్తే రావద్దంటారని."

ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పారు. "పేలలేదనుకుని తుపాకీ తెరిచుంటే కన్ను పోయేదయ్యా. నీదో, పక్కవాడిదో." అంతే. ఆయన ఇంటికి తిరిగొచ్చేదాకా కారులో హీటర్ ఒక్కటే మాట్లాడింది. నా శనివారాలు అయిపోయాయనుకున్నాను.

గరాజ్‌లో ఆయన ఒక ప్లాస్టిక్ సుత్తి చేతికిచ్చారు. తూటాను దాని తలలో బిగించి నేలకు కొడితే గుండు, మందు బయటికి రాలతాయి.

"ముప్పై తొమ్మిది. అన్నీ ఊడదీయ్. పని అయ్యాకే వెళ్లు."

పని అయితే వెళ్లాలి కదా. అందుకని ఎంత మెల్లగా కొట్టవచ్చో అంత మెల్లగా కొట్టాను.

"అదేం కొట్టుడయ్యా? పసిపిల్లను జోకొడుతున్నావా?"

"చెయ్యి నొప్పండీ."

విసుక్కుని సుత్తి ఆయన లాక్కున్నారు. నాకంటే మెల్లగా కొట్టారు.

మూడు మిగిలాయి. ఐదు నిమిషాల పని. ఆయన సుత్తిని కొక్కేనికి తగిలించి, ఆ మూడింటినీ ఒక డబ్బాలో పెట్టి, చుట్టూ ఎర్ర టేపు వేసి, 'పేల్చరాదు' అని పెద్దక్షరాలతో రాశారు.

"పొద్దుపోయింది. ఇవి వచ్చే శనివారం చూద్దాం."

కిటికీ బయట మంచు మీద ఎండ కళ్లు చెదరగొడుతోంది. నాలుగైనా కాలేదు.

"అవునండీ, మూడంటే పెద్ద పనే" అన్నాను.