ఐదో స్కోన్

లవ్‌డే హాకింగ్ మా ఊరి కోడలు. టామర్ నదికి అవతల కార్న్‌వాల్‌లో పుట్టి, ఇవతల డెవన్‌లో మా ఊరి పోస్ట్‌మాన్‌ని పెళ్ళి చేసుకుంది. గట్టిగా రాయి విసిరితే దాటేంత నది అది. అయినా యాభై ఏళ్ళు గడిచినా మావాళ్ళు ఆమెను "అవతలావిడ" అనే అన్నారు. టీతో తినే చిన్న గుండ్రటి రొట్టె స్కోన్. మేం దాన్ని రెండుగా విప్పి ముందు మీగడ రాసి, దాని మీద జామ్ వేస్తాం. వాళ్ళు ముందు జామ్ రాసి పైన మీగడ పెడతారు. ఇంతకంటే పెద్ద తేడా మా రెండు గట్ల మధ్యా లేదు, మాకు ఇది చాలు.

శనివారాలు ఊరి హాల్లో టీకి స్కోన్లు ఆమే చేసేది. మా అందరికీ ముందు మీగడే రాసి ఇచ్చేది. తనది మాత్రం గోడవైపు తిరిగి, జామ్ ముందు రాసుకునేది. "అత్తారింటి మర్యాద పళ్ళెంలో, పుట్టింటి మర్యాద నా నోట్లో" అనేది. బడి పంతులమ్మ స్కోన్ అని దీర్ఘం తీసేది. మాంసం కొట్టు బెర్ట్ స్కొన్ అని తుంచేసేవాడు. ఇద్దరూ వాదులాడుకుంటుంటే లవ్‌డే మధ్యలో పళ్ళెం పెట్టి, "బారసాల తర్వాత చేసుకుందురుగాని, ముందు తినండి. చల్లారితే ఎలా పిలిచినా రాయే" అనేది.

చల్లటి వెన్నను పిండిలో వేళ్ళ కొసలతోనే నలిపేది, అరచెయ్యి తగలనిచ్చేది కాదు. పరిచిన పిండిలోకి గుండ్రటి తగరపు అచ్చును నిలువుగా దించి నిలువుగా తీసేది. "మెలి తిప్పావంటే పొయ్యిలో ఒక పక్కకి ఒరుగుతుంది పిల్లా" అని నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. ఆ అచ్చు వాళ్ళమ్మది. ఆ తల్లిని చివరి ఆరేళ్ళూ లవ్‌డేనే సాకింది. ఆవిడ టీలో ఉప్పు వేసేది, పోయిన మొగుడికి పళ్ళెం పెట్టేది, ఆఖరికి కూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. తనూ అలా అయిపోతానేమోనన్నది ఒక్కటే లవ్‌డేకి ఉన్న భయం.

ఆ భయాన్ని రాజేసింది నేనే, థెల్మా ఎండకాట్‌ని.

ఆగస్టులో మా ఊరి పోటీలు జరుగుతాయి. పెద్ద గుడారంలో ఉల్లిపాయలు, గులాబీలు, జామ్ సీసాలు, స్కోన్లు. పళ్ళేనికి సరిగ్గా ఐదు స్కోన్లు ఉండాలని నిబంధన. పది గంటలకి గంట కొట్టగానే పోటీదారులంతా బయటికి పోవాలి. న్యాయనిర్ణేత వచ్చేదాకా ఆ బల్లకి కాపలా నేను. మూడేళ్ళ కిందటి పోటీ రోజు పొద్దున్న ఏమీ తినకుండా వచ్చాను. లవ్‌డే పళ్ళెం ఇంకా గోరువెచ్చగా ఉంది. కొందరు ఆరు తెచ్చి, బాగాలేనిది ఆఖర్న తీసేస్తారు. ఈమె తీయడం మరిచిందనుకున్నాను. ఆరున్నాయన్నది లెక్కపెట్టి కాదు, నాకు నేను చెప్పుకున్నదే. ఒకటి తీసి, గుడారం మూలకి తిరిగి రెండు గుటకల్లో మింగేశాను. నేను లెక్కపెట్టింది తిన్న తర్వాత. నాలుగే ఉన్నాయి.

కంచే చేను మేసిందంటే ఇదే. న్యాయనిర్ణేత వచ్చింది, లెక్కపెట్టింది, "నాలుగే. ఇక రుచి చూసే పనిలేదు" అంది. 'నిబంధన ప్రకారం లేదు' అన్న కార్డు ఆ పళ్ళెం ముందు నా చేత్తోనే పెట్టాను. అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు.

మధ్యాహ్నం లవ్‌డే వచ్చింది. వేలితో ఒక్కొక్కటీ తాకి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"పిల్లా, నేను ఐదు పెట్టలేదూ?"

"నేను చూడలేదండీ, మిసెస్ హాకింగ్."

ఆ నాలుగు మాటలూ నా గొంతులో ఇప్పటికీ ఉన్నాయి.

మరుసటి శనివారం ఆమె టీకి స్కోన్లు తేలేదు. ఆ తర్వాత ఇక చెయ్యనేలేదు. వాళ్ళ వంటింటి గోడల నిండా కాగితాలు వెలిశాయి: పొయ్యి ఆపు, తలుపు వెయ్యి, ఈరోజు మంగళవారం. హాల్లో ఎవరైనా "పాపం అవతలావిడకి మతి తప్పుతోందట" అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని. రేపు చెబుదామనుకుంటూ మూడేళ్ళు గడిపాను. సిగ్గు పాతబడితే తగ్గుతుందనుకున్నాను, కానీ అది వడ్డీలా పెరిగింది.

మొన్న జూన్‌లో ఒకరోజు పిలిచి, తగరపు అచ్చు నా చేతిలో పెట్టింది. "నువ్వుంచుకో. నాకిక పనికిరాదు. ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోయే రోజొస్తుంది."

పట్టుకోలేకపోయాను. బల్ల మీద పెట్టేసి చెప్పేశాను, ఆకలి దగ్గర్నుంచి అబద్ధం దాకా.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత అడిగింది, "ఎలా ఉంది?"

"ఏది?"

"నువ్వు తిన్నది."

భయంభయంగా మింగినదానికి రుచేం తెలుస్తుంది? "చాలా బాగుందండీ" అన్నాను.

"ఆ రోజు ఉప్పు వెయ్యడం మరిచాను. ఇంట్లో మిగిలినవి తిన్నాక తెలిసింది. చప్పిడి గడ్డి." నా కళ్ళలోకి చూసింది. "ఒక అబద్ధం సరిపోలేదా నీకు?"

గోడ మీది కాగితాలవైపు చెయ్యి చూపించింది.

"ఉప్పు ఒక్కటే అయితే నవ్వేసి ఊరుకునేదాన్ని పిల్లా. ఉప్పు మరిచేవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఉప్పూ మరిచి, ఐదు అంకె కూడా మరిచానంటే అమ్మ రోగం వచ్చేసిందనుకున్నా. మూడేళ్ళు గోడలకి కాగితాలు అంటించుకున్నా, నువ్వు నోరు మూసుకున్నందుకు."

క్షమించమని అడిగే అర్హత కూడా లేదనిపించింది. "కాపలా పని మానేస్తానండీ" అన్నాను.

"మానకు. ఆ బల్ల దగ్గర నువ్వే ఉండాలి." అచ్చు వెనక్కి తీసుకుని జేబులో వేసుకుంది. ఇంటికి పొమ్మని తలుపు చూపించింది.

ఈ ఆగస్టులో ఆమె పళ్ళెం మళ్ళీ వచ్చింది. నాతో ఒక్క మాట మాట్లాడకుండా పెట్టి, గంట కొట్టగానే వెళ్ళిపోయింది. ఈసారి ముందే లెక్కపెట్టాను. ఆరు.

మరిచిపోయి కాదని నాకు తెలుసు. ఆరోది అక్కడే ఉంటే నా చేత్తో మళ్ళీ ఆ కార్డు పెట్టాల్సి వస్తుంది. మూలకి పోలేదు. బల్ల ముందే నిలబడి ఒకటి తీసుకుని, నిదానంగా నమిలి తిన్నాను. ఏడుపొచ్చింది, అయినా తిన్నాను. పళ్ళెంలో ఐదు మిగిలాయి.

ఆమెకు మూడో బహుమతి వచ్చింది. మధ్యాహ్నం వచ్చి వేలితో లెక్కపెట్టుకుని, నావైపు తిరిగింది.

"ఎలా ఉంది?"

"ఉప్పు ఎక్కువైందండీ" అన్నాను.

"తెలుసు," అంది లవ్‌డే. "మూడేళ్ళదీ కలిపి వేశాను."