పద్నాలుగు మందికీ ఒకే కాగితం

పోయిన నెల మోకాలి నొప్పి భరించలేక తొండియార్‌పేటలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కుకు వెళ్లాను. నాలాగే మోకాలి నొప్పితో వచ్చిన ఒక పెద్దావిడకు ఒక రకం కసరత్తులు, నాకు ఇంకో రకం కసరత్తులు రాసిచ్చింది ఆ డాక్టరమ్మ. ఇద్దరిదీ మోకాలే కదమ్మా అన్నాను. "ఆమె మోకాలు వేరే, మీ మోకాలు వేరే తాతా" అని నవ్వింది. ఆ మాట నాకెక్కడ తగిలిందో ఆ పిల్లకేం తెలుసు! 

తొంభైల మొదట్లో నేను ఒక కాలేజీ బేస్‌బాల్ జట్టుకు కసరత్తు నేర్పేవాణ్ణి. క్రికెట్టు తప్ప ఇంకో ఆట పేరెత్తని మద్రాసులో బేస్‌బాలేమిటని మీలో చాలామంది నవ్వుతారు. ఉండేది మహానుభావులారా, వ్యాసర్పాడిలో రైలు పట్టాల పక్క మైదానంలో, కుట్లు ఊడిన బంతులతో, ఇద్దరికొకటి చొప్పున పంచుకునే గ్లవ్స్‌తో. నిజం చెప్పాలంటే నాకు ఆ ఆట రాదు. వచ్చిందల్లా మా తాత నడిపిన తాలింఖానాలో నేర్చుకున్న దండీలు, బస్కీలు, కర్లాకట్ట. తల వెనక నుంచి భుజం చుట్టూ తిప్పే ఆ బరువైన చెక్క గదను చేతికిస్తే బక్కవాడైనా బండవాడైనా అందరూ ఒకే లెక్కన తిప్పవలసిందే, అది మా ఇంటి ఆనవాయితీ.

జట్టు కోచ్ నాకంటే పెద్దాయన. బంతి విసిరేవాడి భుజం వేరు, కొట్టేవాడి నడుము వేరు, పరుగెత్తేవాడి తొడలు వేరు, ఒక్కొక్కరికీ విడిగా రాసివ్వమని ఓపికగా చెప్పాడు. నేను బుద్ధిగా తలూపి, జార్జి టౌన్‌లో మా చిన్నాన్న కొట్టు నుంచి కార్బన్ కాగితాలు తెచ్చి, నాలుగేసి తెల్లకాగితాల మధ్య పెట్టి, పద్నాలుగు మందికీ ఒకటే రాసిపారేశాను. పైన పేర్లు మాత్రం మార్చాను. అదొక తెలివి అనుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

ఆ జట్టులో బంతి విసిరేవాడు ఎవరో కాదు, మా అక్క కొడుకే. బావ పోయాక అక్క ఆశలన్నీ వాడి మీదే. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే ఉద్యోగానికి దారి పడుతుందని కనబడిన దేవుడికల్లా మొక్కేది. వాడు పొద్దున రెండు గంటలు బంతులు విసిరి, అదే చేత్తో సాయంత్రం నా దగ్గర కర్లాకట్ట తిప్పేవాడు. ఎంపికకు పది రోజులుందనగా నా పక్కకు వచ్చి, భుజం చూపించి, ఎవరికీ వినపడకుండా అన్నాడు: "మామా, ఈడ లోపల గుంజతా ఉంది. రెండు దినాలు కర్ల వద్దా?"

మేనల్లుణ్ణి వెనకేసుకొస్తున్నాడని ఎక్కడ అంటారోనని నా భయం. "నీకొక్కడికే వేరేగా పెడితే అందురూ ఏమంటారురా? తిప్పు" అన్నాను, మైదానమంతా వినపడేలా. తిప్పాడు. నా పరువు కోసం తిప్పాడు. నేను నిలబడి లెక్కపెట్టాను.

ఎంపిక రోజు మూడో బంతికే వాడి చెయ్యి వేలాడిపోయింది, బంతి కాళ్ల దగ్గరే పడింది. వాడు అరవలేదు. నావైపు ఒక్కసారి చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. ఇన్నేళ్లయినా కళ్లు మూసుకుంటే ఆ చూపే. ఇంటికెళ్లి అక్కకేమో ముందురోజు బస్సు దిగుతూ జారిపడ్డానని చెప్పాడు. నేను పక్కనే ఉండీ నోరు మెదపలేదు. పాపం అక్క, పోయేదాకా ఆ బస్సు డ్రైవర్ని శాపనార్థాలు పెడుతూనే ఉంది.

ఇప్పటి పిల్లలకు ఎవరి ఒంటికి తగ్గ కసరత్తు వాళ్లకు రాస్తున్నారు, నొప్పి అంటే ఆపమంటున్నారు. సంతోషమే, కానీ చూసినప్పుడల్లా నా కార్బన్ కాగితాలే గుర్తొస్తాయి. మొన్న మా చిన్నమ్మాయి పెళ్లిలో వాడు ఎడమచేత్తో అక్షతలు ఎత్తితే, పక్కనున్న ముసలావిడ ఎవరో కసిరింది. "చిన్నప్పట్నుంచీ ఇదే అలవాటవ్వా" అన్నాడు. పీటల పక్కన నిలబడి నేను ఆ అబద్ధం కూడా విన్నాను. వాడు వేసిన అక్షతలు పీటల దాకా రాలేదు, ముందు వరుస కుర్చీల్లోనే రాలిపోయాయి. ఒకప్పుడు వాడి చేతిలోంచి బంతి ఎప్పుడు వెళ్లిందో మా కంటికి ఆనేది కాదు.